ఆటిజం ఉన్న బిడ్డకు ఇంట్లో ఆటవస్తువులు: పేర్చేవి, తాకేవి, ఊగేవి

ఆటిజం ఉన్న పిల్లలకు ఇంట్లో ఇచ్చే ఆటవస్తువులను స్థూలంగా రెండు రకాలుగా చెప్పుకోవచ్చు. పేర్చడానికి, తొడగడానికి, బిగించడానికి, విప్పడానికి పనికొచ్చేవి ఒక రకం: చెక్క దిమ్మెలు, ప్లాస్టిక్ ఇటుకలు, నట్టూ బోల్టుల సెట్లు, గాడిలో ముక్కలు అమర్చే పజిళ్లు. చేతికి, చెవికి, కంటికి, ఒంటికి ఏదో ఒక అనుభూతినిచ్చేవి రెండో రకం: పిసికే పిండి, ఇసుక, నీళ్లు, ఉయ్యాల, మెత్తని బంతులు, నమలడానికి చేసిన రబ్బరు గొలుసులు. దుకాణంలో వీటికి వేర్వేరు అరలున్నా బిడ్డ చేతికి వచ్చాక ఆ హద్దు నిలవదు. ఇటుక మీద ఇటుక నొక్కినప్పుడు వచ్చే ‘టిక్’మనే చప్పుడు కోసమే గంటల తరబడి ఆడే పిల్లలున్నారు. తడి ఇసుకతో వరుసగా గూళ్లు కట్టి, వాటి మధ్య దూరం కొలిచినట్టు ఉంచేవాళ్లూ ఉన్నారు.

ఉమ్మడి నల్లగొండ జిల్లా నుంచి 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చి, 2018లో మున్సిపాలిటీ అయిన మోత్కూర్ లాంటి చిన్న ఊళ్లలో ఇలాంటి బొమ్మలకంటూ వేరే దుకాణాలు అరుదు. ఫ్యాన్సీ షాపులో దొరికే బ్లాకుల డబ్బా, చెర్వుగట్టు, పెద్దగట్టు, కురుమూర్తి జాతరల నుంచి తెచ్చే బూరలు, గిలకలు, మిగతావన్నీ ఫోన్‌లో ఆర్డరు పెట్టినవి. ఫోన్‌లో ‘ఆటిజం బొమ్మలు’ అని వెతికితే పెట్టెలకు పెట్టెలు కనిపిస్తాయి. పెట్టె మీద ఆ మాట వేసుకోవడానికి ఏ పరీక్షా నెగ్గాల్సిన పని లేదు. అందుకని ఎంపికను పెట్టె దగ్గర మొదలుపెడితే డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ. బిడ్డ దగ్గర మొదలుపెడితే కావలసిన వాటిలో సగం ఇంట్లోనే, వాకిట్లోనే దొరుకుతాయి.

ఆటిజం, ఆట

అమెరికాలో పనిచేసిన పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజాన్ని విడిగా గుర్తించిన తొలి రచనల్లో అది ముఖ్యమైనది. అందులోని మొదటి బాలుడు దిమ్మెలను, పళ్లాలను, గుండ్రంగా ఉన్న దేన్నయినా నేలమీద గిరగిరా తిప్పి మురిసిపోయేవాడు. అంటే ఆటిజం గురించిన వైద్య సాహిత్యం బిడ్డ చేతిలోని వస్తువుతోనే మొదలైంది. అయితే వెలుగు, చప్పుడు, స్పర్శ, వాసన పట్ల ఈ పిల్లల స్పందన వేరుగా ఉంటుందన్న సంగతి నిర్ధారణ లక్షణాల జాబితాకు ఎక్కడానికి 2013 దాకా పట్టింది. అమెరికా మనోవైద్యుల సంఘం ఆ ఏడాది తెచ్చిన డీఎస్‌ఎం-5 గ్రంథంలో అతి స్పందన, తక్కువ స్పందన రెండింటినీ చేర్చారు.

మన దేశంలో ఆటిజం ఎంతమందికి ఉందన్న ప్రశ్నకు 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ అధ్యయనం కొంత జవాబు చెప్పింది. దాని కోసం ఎంచుకున్న 5 ప్రాంతాల్లో హైదరాబాద్ ఒకటి. ఆ లెక్కల ప్రకారం వంద మంది పిల్లల్లో కాస్త అటూ ఇటూగా ఒకరికి ఆటిజం ఉంటుంది. నిర్ధారణకు దేశమంతటా వాడే ఇసా అనే కొలమానం తయారైంది కూడా సికింద్రాబాద్‌లోనే. మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ (ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ) 40 అంశాలతో దాన్ని రూపొందించి 2009లో విడుదల చేసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది.

ఆట విషయంలో ఇంట్లో మొదట తగిలే చిక్కు పెద్దల ఆశకు, బిడ్డ తీరుకు మధ్య ఉండే తేడా. కారు కొనిస్తే నడపడు, తిరగేసి చక్రం తిప్పుతాడు. ఎడ్లబండి బొమ్మ ఇస్తే ఎడ్లను విడదీసి గోడవారగా వరుసలో నిలబెడతాడు. ఎవరైనా ఒకటి జరిపితే ఏడుస్తాడు. ‘సరిగ్గా ఆడడం రాదు’ అని చుట్టాలు అంటారు. ఆ మాట పట్టుకుని బిడ్డ చేతిలోది లాక్కుని ‘ఇట్ల ఆడాలె’ అని చూపించడం వల్ల ఎక్కువసార్లు ఆటే ఆగిపోతుంది. తిప్పడం, వరుస పెట్టడం కూడా ఆటే. బిడ్డకు ఏది ఇష్టమో, ఏ ఇంద్రియం పని అడుగుతోందో అది చెబుతుంది. చక్రం తిప్పే బిడ్డకు బొంగరం, గిలక, పళ్ల చక్రాల సెట్టు నచ్చవచ్చు. వరుస పెట్టే బిడ్డకు సైజు ప్రకారం ఒదిగే గిన్నెలు, రంగుల ఉంగరాలు, దిమ్మెలు దగ్గరవుతాయి. విసిరే బిడ్డకు బరువైన చెక్క ముక్కలు ప్రమాదం. గుడ్డ బంతులు, వాటిని వేయడానికి ఒక గంప ఇస్తే విసరడమే ఆట అవుతుంది. అన్నీ నోట్లో పెట్టుకునే బిడ్డకు వయసు 7 ఏళ్లయినా సరే, పెట్టె మీద ‘3 ఏళ్లు దాటినవారికి’ అని రాసినవేవీ ఇవ్వకూడదు. పుట్టినరోజుల లెక్క కంటే బిడ్డ ఇప్పుడు చేస్తున్న పనులే ఇక్కడ కొలత.

పేర్చే బొమ్మలు

పిల్లల చదువులోకి చెక్క దిమ్మెలను ఒక పద్ధతిగా తెచ్చినవాడు జర్మనీకి చెందిన ఫ్రోబెల్. ఆయన 1837లో బాలల బడి తెరిచాడు. ఆ తర్వాత మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తొలి బాలల గృహం ప్రారంభించింది. ఆమె అంతకుముందు మేధో వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేసింది. వాళ్ల కోసం ఇటార్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యులు తయారుచేసిన సామగ్రి నుంచే తన సామగ్రిని పెంచుకుంది. ఇవాళ ఖరీదైన బడుల్లో కనిపించే గులాబీ గోపురం అందులోదే. 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా పెరిగే 10 ఘనాలు, అన్నింటికీ ఒకే రంగు, తేడా పరిమాణంలో మాత్రమే. ఒక బొమ్మ ఒకే సంగతి చెప్పాలన్న ఈ సూత్రం ఆటిజం ఉన్న పిల్లలకు బాగా పనికొస్తుంది. రంగు, ఆకారం, పాట, లైటు అన్నీ కలిపి ఒక్క బొమ్మలో కుక్కితే బిడ్డ దృష్టి దేని మీద నిలవాలో తెలియదు.

పేర్చే ఆట ఈ పిల్లల్లో చాలామందిని ఎందుకు పట్టేస్తుంది? లండన్ పరిశోధకులు అమితా షా, ఊటా ఫ్రిత్ 1983లో, మళ్లీ 1993లో చేసిన ప్రయోగాలు ఒక కారణం చూపాయి. పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని వెతకడం, రంగు దిమ్మెలతో నమూనా కట్టడం వంటి పనుల్లో ఆటిజం ఉన్నవాళ్లు చురుగ్గా ఉన్నారు. మొత్తం కంటే భాగాలను ముందు పట్టుకునే చూపు వాళ్లది. పైగా దిమ్మె మాట మార్చదు. నిన్న ఒదిగిన గాడిలో ఇవాళా ఒదుగుతుంది. మనుషుల ముఖకవళికలు, మాటల మలుపులు గందరగోళపెట్టే బిడ్డకు అది ఊరట.

ప్లాస్టిక్ ఇటుకల చరిత్ర డెన్మార్క్‌లో ఉంది. లెగో సంస్థ ఇప్పటి ఇటుక రూపానికి 1958లో పేటెంటు కోరింది. చిన్నపిల్లల కోసం పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేసిన డూప్లో ఇటుకలు 1969లో వచ్చాయి. కొనేవాళ్లకు ఈ తేడా ముఖ్యం. వేళ్లలో పట్టు తక్కువగా ఉన్న బిడ్డకు, నోట్లో పెట్టుకునే బిడ్డకు పెద్ద సైజువే కొనాలి. చవకరకం ఇటుకల్లో కొన్ని వదులుగా ఉండి కట్టింది ఊడిపోతుంది, కొన్ని బిగుసుకుపోయి పిల్లల చేతికి విడిపోవు. రెండూ బిడ్డను విసిగిస్తాయి. దుకాణంలో వీలైతే రెండు ముక్కలు తొడిగి, విప్పి చూసి కొనడం మేలు. నట్లు, బోల్టులు, చిల్లుల రేకులతో చేసే సెట్ల మూలం 1901లో ఇంగ్లండులో పేటెంటు పొందిన మెకానో. మన దేశంలో మెకానిక్స్ పేరుతో దొరికే సెట్లు ఆ బాటలోవే. తిప్పడం ఇష్టమున్న పెద్దపిల్లలకు ఇవి చక్కగా సరిపోతాయి.

దిమ్మెల ఆటను పదిమందితో కలిసే ఆటగా మార్చినవాడు మనస్తత్వ నిపుణుడు డేనియల్ లెగాఫ్. 2004లో ఆయన ప్రచురించిన పద్ధతిలో ముగ్గురు పిల్లలు మూడు పనులు పంచుకుంటారు. ఒకరు పటం చూసి ఏ ముక్క కావాలో చెబుతారు, ఒకరు ఆ ముక్క వెతికి ఇస్తారు, ఒకరు అమరుస్తారు. కాసేపటికి పనులు మారతాయి. మాట్లాడకుండా, అడగకుండా, ఆగకుండా ఆ బొమ్మ పూర్తికాదు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2008లో దీన్ని 18 వారాలు పరీక్షించి, పిల్లల కలుపుగోలుతనంలో మేలు కనిపించిందన్నారు. 2023లో వెలువడిన బ్రిటన్ బడుల పెద్ద పరీక్షలో 250 మంది పిల్లలున్నారు. అక్కడా మెరుగుదల కనిపించింది గానీ అది చిన్నది. ఈ ఇటుకలతో మాటలు వచ్చేస్తాయని చెప్పి అమ్మేవాళ్లను నమ్మనక్కరలేదు. ఇష్టమైన పని చుట్టూ మనుషులు చేరడానికి ఇది ఒక మంచి దారి, అంతవరకే.

ఆ మూడు పనులూ తెలంగాణ ఇంట్లో ఏటా ఒకసారి వాటంతట అవే జరుగుతాయి. బతుకమ్మ పేర్చే రోజు తాంబాలంలో గుమ్మడాకులు పరిచి అంచు వెంట తంగేడు గుత్తులు గుండ్రంగా పెడతారు. నడుమ ఆకులు, కత్తిరించిన కాడలు నింపి అదుముతారు. అదమకపోతే పై వరుస కుంగిపోతుంది. దాని మీద రంగు అద్దిన గునుగు, మళ్లీ తంగేడు, ఆపైన బంతి, వరుస వరుసకూ చుట్టు తగ్గుతూ గోపురంలా పైకి లేస్తుంది. నాయనమ్మ ఏ పువ్వో చెబుతుంది, అక్క కట్ట విడదీసి అందిస్తుంది, బిడ్డ ఒక్కో కాడ పక్కపక్కన పెడతాడు. గునుగు గరుకు, బంతి వాసన, తడి ఆకు చల్లదనం చేతికి అందుతాయి. ముందేది తర్వాతేది అన్న వరుస కంటి ముందు ఉంటుంది. ఎవరి వంతు ఎప్పుడన్నది మాటతో పనిలేకుండా తెలుస్తుంది. సాయంత్రం మైకుల హోరు, జనం మధ్య తిరగడం ఆ బిడ్డకు కష్టమైతే పేర్చడం వరకు ఉంచి, ఇంటి దగ్గర ఒకరు తోడుగా ఉండిపోవచ్చు.

ఎండాకాలంలో తాటిముంజలు తిన్నాక మిగిలే కాయలతో చేసే బండి ఇంకో నిర్మాణ బొమ్మ. రెండు కాయలకు నడిమధ్యన చిల్లు పొడిచి కురచ పుల్లను ఇరుసులా గుచ్చుతారు. కొస పంగలుగా చీలిన పొడుగు కర్రను ఆ ఇరుసు మీద ఆనించి తోస్తే బండి కదులుతుంది. చిల్లు పక్కకు పోతే చక్రం వంకర తిరుగుతుంది. ఆ వంకర ఎందుకొచ్చిందో కాయ తిప్పి చూసుకోవడంలో చక్రాల మీద మక్కువ ఉన్న బిడ్డ గంట గడిపేస్తాడు. తోసినప్పుడు భుజాలకు, మోచేతులకు పని పడుతుంది. కాయ కోయడం, చిల్లు పొడవడం మాత్రం పెద్దల పని.

ఇంద్రియాలకు పని చెప్పేవి

చూపు, వినికిడి, వాసన, రుచి, స్పర్శ మాత్రమే కాక మరో రెండు ఇంద్రియాల ఊసు ఇక్కడ తప్పదు. లోపలి చెవి చెప్పే సమతూకం, ఊపు ఒకటి. కండరాలు, కీళ్లు చెప్పే ఒత్తిడి, భంగిమ రెండోది. ఈ రెండింటికీ ప్రాధాన్యమిచ్చి ఇంద్రియ సమన్వయం అనే సిద్ధాంతాన్ని నిలబెట్టింది అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏర్స్. ఆమె ముఖ్య గ్రంథం 1972లో వచ్చింది. తర్వాత విన్నీ డన్ 1997లో పిల్లల స్పందనలను నాలుగు రకాలుగా విభజించింది. కొందరు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు. కొందరు అలాంటివి ఎదురుకాకుండా ముందే తప్పుకుంటారు. కొందరికి పిలిచినా, తాకినా త్వరగా అందదు. కొందరు తామే వెతుక్కుంటూ గెంతుతారు, గోడకు ఒరుసుకుంటారు, అన్నీ వాసన చూస్తారు. ఒకే బిడ్డ చప్పుడుకు చెవులు మూసుకుని, ఊపును మాత్రం ఎంతైనా కోరవచ్చు. అందుకే పక్కింటి బిడ్డకు పనికొచ్చిన బొమ్మ ఈ బిడ్డను భయపెట్టవచ్చు.

ఈ సిద్ధాంతం ఆధారంగా చేసే చికిత్స గురించి ప్రచారం ఎక్కువ, రుజువులు తక్కువ. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో ఈ సంగతి తల్లిదండ్రులకు స్పష్టంగా చెప్పాలని వైద్యులకు సూచించింది. బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో ఇంద్రియ సమన్వయ చికిత్స మామూలు సేవల కంటే మెరుగైన ఫలితం చూపలేదు. బరువు దుప్పటి సంగతీ అంతే. 2014లో 67 మంది ఆటిజం పిల్లల మీద జరిపిన పరిశీలనలో దానివల్ల నిద్ర పెరగలేదు. కానీ పిల్లలు, తల్లిదండ్రులు మామూలు దుప్పటి కంటే దాన్నే ఇష్టపడ్డారు. ఇష్టపడ్డారన్నది చిన్న విషయం కాదు. బిడ్డకు హాయినిచ్చే వస్తువు హాయి కోసమే ఇంట్లో ఉండవచ్చు, రోగం నయం చేస్తుందని దానికి వేలు పోయనక్కరలేదు. అయితే 2008లో కెనడాలో బరువు దుప్పటి చుట్టిన ఒక పిల్లవాడు ఊపిరాడక చనిపోయాడు. తనంతట తాను తీసేసుకోలేని బిడ్డ మీద బరువు కప్పడం, తల మీదికి లాగడం ఎప్పటికీ కూడదు.

చేతులకు కావాల్సింది చాలావరకు వంటింట్లో ఉంది. గోధుమపిండిని నీళ్లు, కాస్త నూనెతో కలిపితే సాగుతుంది, పాములా చుట్టవచ్చు, లాగితే తీగలా వస్తుంది. జొన్నపిండి అలా కాదు. వేడినీళ్లతో కలిపినా అంచులు పగులుతాయి, అదుముతూ, తట్టుతూ ఉంటేనే రొట్టె అవుతుంది. రెండూ పక్కపక్కన పెడితే బిడ్డ దేనివైపు పోతాడో కనిపిస్తుంది. చేతికి అంటుకోవడం భరించలేని బిడ్డ మొదట వేలికొసతో తాకి వెనక్కి తీసుకుంటాడు. అప్పుడు చేయి పట్టుకుని పిండిలో ముంచకూడదు. చెంచా ఇవ్వవచ్చు, పిండిని పలుచని ప్లాస్టిక్ సంచిలో కట్టి పెద్దవాళ్ల ఎదుటే పైనుంచి నొక్కనివ్వవచ్చు. కొన్ని వారాలకు తనే విప్పమనవచ్చు, ఎప్పటికీ అనకపోనూవచ్చు. నిల్వ ఉండాలని ఉప్పు బాగా దట్టించిన పిండి మింగే అలవాటున్న పిల్లలకు ఇవ్వరాదు, ఒంట్లో ఉప్పు పెరగడం ప్రమాదకరం.

ఇసుక కోసం మోత్కూర్ దగ్గరి పిల్లలకు బిక్కేరు వాగు ఉంది. తడి ఇసుకలో పాదం పెట్టి పైన ఇసుక కప్పి, తట్టి, మెల్లగా పాదం లాగితే పిచ్చుకగూడు నిలుస్తుంది. పాదానికి నాలుగువైపులా సమానంగా తగిలే ఆ ఒత్తిడి, వేలు పోసి కొనే ఏ పరికరానికీ తీసిపోనిది. ఇంటికి తెచ్చుకుంటే జల్లెడ పట్టి, గాజు ముక్కలు, ముళ్లు లేకుండా చూసి, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పోయాలి. పిల్లులు పాడుచేయకుండా రాత్రిపూట మూత పెట్టాలి. నీళ్లకు చెంబు, గ్లాసు, గరాటు చాలు. పోయడం, నింపడం, పొంగడం చూస్తూ ఉండిపోయే పిల్లలు ఎందరో.

దూలానికి చీరతో కట్టే ఉయ్యాల లోపలి చెవికి పని. ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఊపితే చాలామంది పిల్లలు కుదుటపడతారు. గిరగిరా తిప్పితే కొందరు రెచ్చిపోతారు, కొందరికి వాంతి వస్తుంది. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా వెంటనే ఆపాలి. నేలకు దగ్గరగా కట్టి, కింద బొంత పరిచి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. వదిలేసిన చీర మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఆట అవగానే విప్పడం మంచిది. కండరాలకు, కీళ్లకు పని కావాలంటే సగం నింపిన బిందె మోయడం, బట్టల గంప నెట్టడం, రొట్టె తట్టడం లాంటి ఇంటి పనులే సాయం. గెంతులేసే బిడ్డను కూర్చోమని పదిసార్లు అనే కంటే ముందు ఇలాంటి పని ఒకటి అప్పగించి, ఆ తర్వాత దిమ్మెల దగ్గర కూర్చోబెట్టి చూడవచ్చు.

మీట నొక్కితే పాడే బొమ్మలు, జాతర బూరలు కొనేముందు పెద్దవాళ్లు వాటిని తమ చెవి దగ్గర పెట్టుకుని వినాలి. ఆపే స్విచ్చు, చప్పుడు తగ్గించే వీలు లేనివి వద్దు. టపటపా వెలిగి ఆరే లైట్లతోనూ జాగ్రత్త కావాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతావాళ్ల కంటే ఎక్కువ, కొందరికి మినుకుమినుకుమనే వెలుతురు మూర్ఛను రేపుతుంది. వెలుగు మీద మోజున్న బిడ్డకు దేవరకొండ వైపు లంబాడా తండాల్లో కుట్టే అద్దాల గుడ్డ కిటికీకి కడితే గోడ మీద పడే మెరుపులు చాలు. అద్దాలు ఊడిరాకుండా, చేతికి అందకుండా కడితే సరి.

ప్రమాదాలు, ముద్రలు

భారతదేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఐఎస్ 9873 ప్రమాణం కింద ఊడే ముక్కలు, పదునైన అంచులు, రంగుల్లోని సీసం వంటి లోహాలు పరీక్షిస్తారు. కరెంటు బొమ్మలకు ఐఎస్ 15644 వర్తిస్తుంది. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. అందువల్ల కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మల మీద ఆ గుర్తు లేకపోయినా తప్పు కాదు, కానీ ఏవి ఎవరికి అన్నది చూసుకోవాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క, సహజ రంగులు పూస్తారు. నున్నగా, గుండ్రంగా ఉండే ఆ బొంగరాలు, గిలకలు, ఉంగరాలు పట్టుకోవడానికి బాగుంటాయి. కొండపల్లి బొమ్మ తేలికైన పొణికి చెక్కతో, అతికించిన ముక్కలతో తయారవుతుంది. అది చూసే బొమ్మ. విసిరే బిడ్డ, నోట్లో పెట్టుకునే బిడ్డ చేతికి తగదు.

ముక్కల సైజు విషయంలో ప్రమాణం వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టేది ఏదైనా చిన్నపిల్లల గొంతులో ఇరుక్కోగలదు. దీని ప్రకారం వామనగుంటల చింతగింజలు, గచ్చకాయలు, గోళీలు, కందులు, పెసలు అన్నీ ప్రమాదకరమైనవే. ఏడేసి గుంటల రెండు వరుసల్లో ఒక్కో గింజ వేసుకుంటూ పోవడం వేళ్లకు, లెక్కకు, వంతుకు ఎంత మంచి ఆటైనా, గింజలు ముక్కులో, చెవిలో, నోట్లో పెట్టుకునే దశ దాటాకే. గుండీ బ్యాటరీ మింగితే గంటల్లో అన్నవాహిక కాలిపోతుంది. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ కొనవద్దు. విడివిడిగా ఊడే బలమైన అయస్కాంత పూసలు రెండు మింగితే పేగులను పట్టి చిల్లు పెడతాయి. నీళ్లలో ఉబ్బే రంగు జెల్లీ పూసలను ఇంద్రియ ఆట పేరిట అమ్ముతారు. అవి కడుపులోకి పోయాక కూడా ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి. అమెరికాలో పెద్ద దుకాణ సంస్థలు 2023లో పిల్లల కోసం వాటిని అమ్మడం మానేశాయి. ఇంట్లో ఉంటే పారేయాలి.

నీళ్ల ఆట ఇష్టపడే బిడ్డ ఇంట్లో ఎవరూ చూడనప్పుడు నీళ్లు వెతుక్కుంటూ వెళ్లవచ్చు. ఇల్లు దాటి వెళ్లిపోయిన ఆటిజం పిల్లల మరణాల్లో నీట మునగడం ప్రధాన కారణమని అమెరికాలో లెక్కలు చెబుతున్నాయి. వ్యవసాయ బావులు, చెరువులు, మూత లేని సంపులు ఉన్న ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. టబ్బులో నీళ్లు ఆట అవగానే పారబోయడం, గేటుకు బిడ్డకు అందని గొళ్లెం పెట్టడం, చుట్టుపక్కల బావుల వాళ్లకు బిడ్డ సంగతి చెప్పి ఉంచడం ఆటవస్తువు కొనడం కంటే ముందు చేయాల్సిన పనులు.

ఇంట్లో వాడకం

ఒకేసారి పది బొమ్మలు ముందు పోస్తే బిడ్డ దేనితోనూ ఆడకపోవచ్చు. రెండు మూడు బయట ఉంచి మిగతావి డబ్బాలో దాచి, అప్పుడప్పుడు మార్చితే పాతవే కొత్తగా అవుతాయి. కొత్త బొమ్మను చేతికివ్వకుండా కాస్త దూరంలో పెట్టి, పెద్దవాళ్లే కాసేపు దానితో ఆడుకుంటే ఆ బిడ్డ తన వీలు చూసుకుని దగ్గరికి వస్తాడు. ప్రతి డబ్బా మీద లోపలి బొమ్మ ఫొటో అతికిస్తే మాటలు రాని బిడ్డ కూడా వేలితో చూపి అడగగలడు. ఆట ఆపాల్సిన సమయం ముందే తెలిసేలా చివరి ముక్కలు ఇన్ని అని చూపిస్తే గొడవ తగ్గుతుంది.

పక్కన కూర్చునేవాళ్లు ఏం చేయాలన్నది బొమ్మ ఎంపికంత ముఖ్యం. బిడ్డ దిమ్మె పెడితే పక్కన అలాంటిదే తామూ ఒకటి కట్టాలి. బిడ్డ తట్టితే తట్టాలి. కాసేపటికి ఒక్క ముక్క తమ చేతిలో ఉంచుకుని ఎదురుచూడాలి. బిడ్డ చూపు ఎత్తినా, చేయి చాచినా అడిగినట్టే లెక్క, వెంటనే ఇచ్చేయాలి. ఇచ్చేటప్పుడు ‘ఎర్రది’ అనో ‘ఇంకొకటి’ అనో ఒక్క మాట చాలు. ‘ఇదేం రంగు, ఇదెన్ని, చెప్పు చెప్పు’ అని ప్రశ్నలు గుప్పిస్తే ఆట పరీక్షలా మారిపోతుంది. అన్నదమ్ములు, మేనత్త పిల్లలు ఈ పద్ధతి పెద్దల కంటే త్వరగా పట్టుకుంటారు.

సాయం దొరికే చోట్లు

జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలను చూస్తాయి. ఎదుగుదలలో తేడా కనిపిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. బడి వయసు పిల్లలకు సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక బోధకులు నడవలేని పిల్లల ఇళ్లకూ వెళ్తారు. మోత్కూర్ ఉన్న జిల్లాలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ పేరు ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. పజిళ్లు, పూసలు, ఒదిగే ముక్కలు వంటి బోధనోపకరణాల పెట్టెలను అది తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద అర్హత ఉన్న కుటుంబాలకు వీటిని ఉచితంగా ఇస్తారు, దానికి వైకల్య ధ్రువపత్రం ఉండాలి. నేషనల్ ట్రస్ట్ నడిపే నిరామయ బీమాలో ఆటిజం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల వరకు రక్షణ ఉంది. ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు బిడ్డ ఇంట్లో ఇష్టంగా ఆడుతున్నప్పుడు, చిరాకుపడి వదిలేస్తున్నప్పుడు ఫోన్‌లో తీసిన చిన్న వీడియోలు తీసుకెళ్తే పనికొస్తాయి. కొత్త గదిలో, కొత్త మనుషుల ముందు చాలామంది పిల్లలు బొమ్మ ముట్టరు. ఇంట్లో చక్రం తిప్పిన తీరు, పిండి తాకి చేయి వెనక్కి తీసుకున్న తీరు చూస్తే ఏ సైజు దిమ్మె, ఎంత ఊపు, ఎంతసేపు అన్నది థెరపిస్టు ఆ పూటే చెప్పగలుగుతారు.